పూజకు పెట్టిన పదకొండు పనిముట్లు

మీరంతా కంప్యూటరు ముందర కూర్చుని అన్నం తినేవాళ్ళు. ముసలోడు మాకు చెప్పేదేముందిలే అనుకుంటారు. ఒక్కటి చెప్తాను, వినండి. నల్ల తెర మీద మీరొక మాట కొడితే అది 'కమాండ్ నాట్ ఫౌండ్' అన్నదనుకోండి. లేదన్నది కదా అని కుర్చీ వదిలి లేవకండి. అది ఇల్లంతా వెతికి చెప్పిన మాట కాదు. తనకు అలవాటైన నాలుగు చోట్లు చూసి చెప్పిన మాట. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక ఆడపిల్ల నోటికాడి కూడు తీయబోయాను.

ముందు నా సంగతి. గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. ఏడేళ్ళకు నూలు కండెలు చుట్టాను, పదిహేనేళ్ళకు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాను. బడి మొహం చూడలేదు. ముప్పై ఏడేళ్ళ వయసులో, మా వీధిలో పెద్దవాళ్ళకు చదువు చెప్తామని వచ్చినప్పుడు, నా కొడుకు పలక పట్టుకుని పోయి అ ఆలు దిద్దాను. నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది వేలిముద్రగాళ్ళే.

మోకాళ్ళు పోయి మగ్గం దిగాక చేనేత సంఘంలో అట్టలు కుట్టే పని ఇచ్చారు. సంఘం పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అట్టలంటే ఏమిటో మాత్రం చెప్పాలి. చీర కొంగులో హంసలు, కోటకొమ్మలు పడాలంటే మగ్గం నెత్తిన జకార్డు ఉంటుంది. దానికి బొక్కలు కొట్టిన అట్టల దండ వేస్తారు. అట్టలో బొక్క ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క కొంగుకు వందల అట్టలు పడతాయి. వాటిని వరస తప్పకుండా దారంతో కుట్టడం నా పని. ఒక్క అట్ట వరస తప్పితే హంస మెడ తెగుతుంది.

ఇరవై ఏళ్ళ కిందట, గద్వాల ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న రోజుల్లో, సంఘానికి ఒక కంప్యూటరూ, దానికి తగిలించిన అట్టలు కొట్టే మిషనూ వచ్చాయి. అంతకుముందు ఒక కొంగుకు అట్టలు చేత్తో కొట్టడానికి పక్షం రోజులు పట్టేది. మిషను ఒక పూటలో కొట్టేది. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి బిగించాడు. తెలివైనవాడు. మాకు ఇంగ్లీషు రాదని పదకొండు చిన్న చిన్న కమాండ్లు తనే రాసి, వాటికి మన మాటలే పేర్లు పెట్టాడు. చూడు అని కొడితే బొమ్మ కనిపిస్తుంది. తిప్పు అంటే హంస ఇటు మొహం అటు పెడుతుంది. అట్ట అంటే మిషను టక్ టక్ మని కొట్టడం మొదలుపెడుతుంది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మనవి. ఆ పదకొండింటినీ ఒక అరలో, అదే మీరు ఫోల్డరంటారే, అందులో పెట్టి, బెంగుళూరులో ఉద్యోగమొచ్చిందని వెళ్ళిపోయాడు. తరవాత ఆయన ఫోను కలవలేదు.

మిషను నడపడానికి తెలకపల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. రైతుల పిల్ల. డిగ్రీ చదివింది, నాగర్‌కర్నూల్లో ఆరు నెలలు కంప్యూటరు నేర్చింది. మూడు బస్సులు మారి గద్వాల వచ్చి, కోట దగ్గర ఒక గది కిరాయికి తీసుకుంది. వాళ్ళ నాయిన ఒక్కటే మాట అన్నాడట: "పోతానంటే పో. మాట పడి వస్తే మాత్రం మల్ల గడప దాటుడు లేదు." ఆ మాట ఆమె నాకు నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పిందని నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆమె నన్ను కాకా అనేది. తను సెలవు పెట్టినరోజు పని ఆగకూడదని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చింది ఆ కీబోర్డు మీదే. ఇప్పటికీ నాకు ఏ బీ సీ డీ వరసలో రావు. క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ అంటూ కీబోర్డు వరసలోనే వస్తాయి. నా మనవరాలు పడి పడి నవ్వుతుంది. ఒక అర నుంచి ఇంకో అరకు ఫైలు ఎట్లా జరపాలో, కొత్త అర ఎట్లా చేయాలో, అక్కరలేని అర ఎట్లా తీసేయాలో కూడా నేర్పింది.

"కాకా, నీ వేలు కండె పట్టినట్టే కొడుతది. జర మెల్లగ," అనేది.

వీధిలో నన్ను 'కంప్యూటరు' అని పిలవడం మొదలుపెట్టారు. ఎగతాళికే అన్నారు గానీ నాకు మాత్రం నచ్చింది. అబద్ధమెందుకు.

ఇక దసరా. మా ఇళ్ళల్లో ఆయుధపూజ నాడు మగ్గం ఆడదు. అడ్డపోగు తోసే నాడెలు, కండెలు, కత్తెర, మగ్గం దువ్వెన పన్నెను తుడిచే కుంచె, ఏ మూలనున్న పనిముట్టునైనా తెచ్చి అమ్మవారి ముందర ఒక్కచోట పేర్చి పసుపు కుంకుమ పెడతాం. పనిముట్లు తీసిన బుట్ట ఖాళీగా ఉంటే దాన్ని అమ్మవారి కంటికి కనపడనివ్వం. ఖాళీ బుట్ట అంటే పని లేని ఇల్లు. తీసి దాచేస్తాం. మా అమ్మ చేసింది, నేనూ చేశాను.

ఆ ఏడు పండుగకు రెండు రోజుల ముందే తెలకపల్లి అమ్మాయి ఊరికి పోయింది. సెలవు ఇవ్వనని సంఘం సెక్రటరీ అన్నాడు, బతుకమ్మ ఇంట్లో ఆడాలె అని ఈమె అన్నది. మాటా మాటా పెరిగింది. చివరికి సెలవు కాగితం టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రెండు రోజులూ కొట్టాల్సిన అట్టలు లేక మిషను ఆడలేదు. పండుగ ముందురోజు సాయంత్రం గదికి తాళం వేయాల్సింది నేను. మిషనుకు బొట్టు పెట్టాను, కంప్యూటరు నొసటన కూడా పెట్టాను. తాళం చేతిలో పట్టుకుని నిలబడితే మనసొప్పలేదు. బొట్టు డబ్బాకు పెట్టాను, పనిముట్లు లోపలున్నాయి కదా! అవి ఎక్కడివక్కడ పడి ఉంటే అది పూజెట్లా అవుతుంది? కూర్చున్నాను. 'పూజ' అని ఒక కొత్త అర చేశాను. పదకొండింటినీ పాత అరలోంచి తీసి అందులో పెట్టాను. వరసగా చూసుకున్నాను, పదకొండూ ఉన్నాయి. పాత అర ఖాళీగా మిగిలింది. ఖాళీ బుట్ట ఉంచకూడదు కదా, దాన్ని తీసేశాను. ఊదుబత్తి వెలిగించి దండం పెట్టి తాళం వేశాను.

పండుగ మర్నాడు వచ్చి అన్నీ సర్దేద్దామనుకున్నాను. ఆ రాత్రే జ్వరమొచ్చింది. కీళ్ళు పట్టేసి లేవలేకపోయాను. దవాఖానలో సూదులు, ఇంట్లో గంజి, అట్లా ఐదు రోజులు పోయాయి. మంచంలో ఉన్నప్పుడు ఆ సంగతి ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది గానీ కంగారు పడలేదు. పనిముట్టు ఇంట్లోనే ఉంది, ఈ మూల కాకపోతే ఆ మూల. పేరు పెట్టి పిలిస్తే పలకదా అనుకున్నాను.

ఆరో రోజు పోయేసరికి గదిలో గాలి మారిపోయింది. మిషను మూగపడి ఉంది. నాకు వరసకు మామ అయ్యే నేతగాడు ఒకాయన గడపలో కూర్చుని ఉన్నాడు. ఆయన మగ్గం మీద పెళ్ళిచీర ఒళ్ళంతా అయిపోయి, కొంగు దగ్గర ఆగింది. కొంగుకు అట్టలు కావాలి.

"వచ్చినవా అల్లుడా! నాలుగు దినాల సంది చీర కొంగు లేక ముండమోసినట్టు కూసున్నది. నీ డబ్బాకు నోరు పడిపోయిందంట," అన్నాడు.

అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఏం కొట్టినా నాట్ ఫౌండ్ అంటుంది కాకా. చూడు లేదు, అట్ట లేదు. అవి ఉండే అరనే లేదు. అన్నీ పోయినయ్. సెక్రటరీ సారు నేనే తుడిచేసి పోయిన అంటుండు. సెలవు ఇయ్యలేదని కోపంతోటి చేసిన్నంట."

"గట్లెట్ల అంటడు?"

"అన్నడు కాకా. మామ ముందట్నే అన్నడు. ఎల్లుండికి చక్కగ కాకపోతే పని నుంచి తీసేస్తున్నట్టు కాగితం రాసి మా నాయిన పేరు మీద పోస్టు చేస్త అన్నడు. నా పేరు మీద గాదు, మా నాయిన పేరు మీద."

అప్పుడే చెప్పాల్సింది. 'బిడ్డా, అవి పోలేదు, పూజ అరలో ఉన్నాయి' అంటే అయిపోయేది. నోరు రాలేదు. ఎందుకంటారా? సెక్రటరీ నన్ను ఆ కుర్చీలో కూర్చోనిచ్చినరోజే అన్నాడు, "ముసలితనంల చదువు నేర్సినోని చేతికి మిషనా? ఏమన్న అయితే మాత్రం ఇగ ముట్టనియ్య" అని. ఆ కుర్చీ పోతుందని భయం. మెల్లగా ఎవరికీ తెలియకుండా మళ్ళీ పెట్టేస్తే సరిపోతుంది కదా అని ఒక దొంగ ఆలోచన వచ్చింది.

మధ్యాహ్నం ఆమె సద్ది తినడానికి వెనక్కి పోయినప్పుడు కూర్చున్నాను. పూజ అరలోంచి తీశాను. ఎక్కడ పెట్టాలి? పాత అర తీసేశానాయె, దాని పేరూ గుర్తులేదు. కంప్యూటరు తెరవగానే ముందు కనిపించే చోటు ఒకటుంటుంది, ఇంటి వాకిలి లాంటిది. అందులో పెట్టాను. కళ్ళ ముందరే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. పూజ అర ఖాళీగా మిగిలింది. ఈసారి దాన్ని ముట్టే ధైర్యం చాలలేదు. చూడు అని కొట్టాను.

నాట్ ఫౌండ్.

మళ్ళీ కొట్టాను. వాకిట్లో ఏమున్నాయో చూపించమంటే పదకొండు పేర్లూ చూపిస్తుంది. చూడు అంటే మాత్రం లేదంటుంది. కళ్ళ ముందర మనిషిని నిలబెట్టుకుని, ఆయన ఊళ్ళో లేడన్నట్టు. లేచి అట్టల దగ్గరికి పోయి కూర్చున్నాను.

ఆమె తిరిగి వచ్చి చూసింది. "అరె! నిన్న లేనియి ఇయ్యాల వచ్చినయ్!" అని అరిచింది సంతోషంతో. కొట్టింది. లేదన్నది. అటుగా వచ్చిన సెక్రటరీ ఆ అరుపు విన్నాడు.

"వచ్చినయా? ఎట్లొచ్చినయ్? కాళ్ళున్నయా వాటికి? నిన్న దాసినవ్, ఇయ్యాల భయమై తెచ్చి పెట్టినవ్. గంతే గదా?"

"నాకు తెల్వదు సారూ, ఒట్టు."

"ఒట్టు పోయి మీ నాయినకు పెట్టు."

చూశారా! నా తప్పు దిద్దుకోబోయి ఆమె మెడకు ఇంకో ఉచ్చు బిగించాను. ఆ పూట నేను కుట్టిన అట్టలు మర్నాడు విప్పి మళ్ళీ కుట్టుకోవాల్సి వచ్చింది. ఒక్కటీ వరసలో లేదు.

ఆ సాయంత్రమే మామ ఒక దారి చెప్పాడు. ఆయన చుట్టాలబ్బాయి వనపర్తిలో పిల్లలకు కంప్యూటరు పాఠం చెప్తాడట. పెద్దమందడి రైతుబిడ్డ. మర్నాడు పొద్దున పెబ్బేరు మీదుగా బస్సు పట్టుకుని వచ్చాడు, చేతిలో పచ్చి పల్లికాయల సంచితో. ముప్పై ఏళ్ళుంటాయి. సంచి బల్ల మీద కుమ్మరించి, "తినుకుంట చూద్దాం. ఏం పరేషాన్ గాకుండ్రి," అన్నాడు. సెక్రటరీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోస్టు కవరు ఆయన జేబులోంచి కనిపిస్తోంది. అంటే కాగితం రాసేశాడు.

ఆ సారు పని చేసిన తీరు మీరు నేర్చుకోవాలి. గబగబా ఏదీ కొట్టలేదు. ఒక్కటొక్కటే అడిగాడు. పేరు సరిగ్గా కొడుతున్నారా? అక్షరం అక్షరం చూశాడు, సరిగ్గానే ఉంది. ఫైలు ఉందా? ఉంది. లోపల రాత చెదిరిందా? తెరిచి చూశాడు, చెదరలేదు. దాన్ని నడపడానికి అనుమతి ఉందా? అదీ ఉంది. నాలుగు కాయలు ఒలిచి తిన్నాడు. అప్పుడు ఇంకేదో కొడితే తెర మీద ఒక పొడుగు వరస వచ్చింది.

"ఇగో, ఇదీ సంగతి. దీన్ని పాత్ అంటరు. కంప్యూటరు దగ్గర గిట్ల ఒక చీటీ ఉంటది. నువ్వు పేరు కొడితే ఇల్లంతా ఎతకదు. ఈ చీటీల రాసిన అరలకు వరసగ పోయి, ఉన్నవా అని అడుగుతది. ఆడ లేకపోతే లేదనే అంటది."

"వాకిట్ల ఉన్నయి గద సారూ, కండ్ల ముందట్నే?" అన్నది అమ్మాయి.

"వాకిలి చీటీల లేదు. కండ్ల ముందటిది ఇది చూడదమ్మా. చీటీల ఉన్నదే చూస్తది. చూడుండ్రి, చివర ఒక అర పేరున్నది. మీ పదకొండు ఉండాల్సింది అండ్లనే. చీటీల పేరున్నది గానీ ఆ అరనే లేదు. ఎవరో కూలగొట్టిన్రు."

నాకు మగ్గం గుంత కళ్ళ ముందుకొచ్చింది. నేసేవాడి కుడిచేతి పక్కన కండెల బుట్ట ఉంటుంది. చూడకుండానే చెయ్యి పోతుంది. ఎవరైనా దాన్ని ఎడమపక్కకు జరిపారనుకోండి, చెయ్యి కుడివైపే తడిమి, "కండెలు లేవే!" అని ఇంట్లోకి అరుస్తాడు. బుట్ట ఆయన ఎడమ మోకాలికి తగులుతూనే ఉంటుంది. నలభై ఏళ్ళు నేనే అట్లా అరిచాను.

సారు అట్ట అనే ఫైలు ఉన్న చోటు పూర్తిగా, ఇంటి నంబరుతో సహా రాసినట్టు కొట్టాడు. మిషను టక్ మన్నది. టక్ టక్ టక్. ఆరు రోజుల తరవాత మొదటి అట్ట బయటపడింది. మామ దాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అమ్మాయి గోడకానుకుని కింద కూర్చుంది.

అంతటితో అయిపోతే నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పేవాణ్ణి కాదేమో. నిజం చెప్తున్నాను. కానీ సారు ఊరుకోలేదు. "ఈ పూజ అని ఖాళీ అర ఏంది? ఇప్పటిదాంక ఎవరేం కొట్టిన్రో దీంట్ల రాసి ఉంటది, చూస్తే తెలుస్తది," అని ఇంకోటి కొట్టాడు. తెర నిండా వరసలు దిగాయి. నేను కొట్టిన మాటలన్నీ ఉన్నాయి అందులో. పూజ అర చేసింది, పదకొండూ జరిపింది, పాత అర తీసేసింది, నిన్న మధ్యాహ్నం వాకిట్లోకి తెచ్చింది. నా పని నా కళ్ళ ముందే అచ్చయి ఉంది. కానీ మేమిద్దరం వాడేది ఒక్కటే ఖాతా. అది అమ్మాయి పేరు మీద ఉంది.

సెక్రటరీ వంగి చదివాడు. పైన ఆమె పేరు చూశాడు. "ఇగ సాక్ష్యమేం గావాలె? పండుగకు పోతపోత పూజ చేసి పోయింది మా అమ్మాయి!" అని జేబులోంచి కవరు తీశాడు. "మామా, నువ్వు పోస్టాఫీసు దిక్కే గదా పోయేది? జర డబ్బాల ఏసి పో."

మామ చెయ్యి చాపాడు. అమ్మాయి ఆ కవరు వైపే చూస్తోంది. వాళ్ళ నాయిన చెప్పిన మాట అప్పుడు నాకు పూర్తిగా వినిపించింది.

"ఆగు మామా," అన్నాను. "అది చేసింది నేను."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "ఆయుధపూజకని పనిముట్లు ఒక్కకాడ పెట్టిన సారూ. ఖాళీ బుట్ట ఉండొద్దని పాత అర తీసేసిన. నిన్న తిండి యాళ్లకు దొంగలెక్క తెచ్చి వాకిట్ల పెట్టింది గూడ నేనే. ఈ పిల్లకు ఏం తెల్వదు. ఆ దినం ఈమె తెలకపల్లిల ఉన్నది."

ముందు నవ్వింది వనపర్తి సారే. "కంప్యూటరుకు ఆయుధపూజ! ఇదివరకు ఎవరూ చేసినట్టు లేదు," అన్నాడు. మామ కవరు తిరిగి బల్ల మీద పెట్టాడు. సెక్రటరీ దాన్ని తీసుకుని చించలేదు. మడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ఓడిపోయినవాళ్ళు అంతే చేస్తారు.

"నువ్వు ఇగ ఆ కుర్చీల కూసోవద్దు," అన్నాడు నాతో. "అట్టలు కుట్టుకో."

"అట్లనే సారూ," అన్నాను.

అమ్మాయి నాకు దండం పెడుతుందని, కన్నీళ్ళు పెట్టుకుంటుందని మీరు అనుకుంటున్నారేమో. లేదు. సారు కూలిపోయిన అర మళ్ళీ చేసి, పదకొండింటినీ అందులో పెట్టి, ఆమెకు చీటీ ఎట్లా చూడాలో, ఎట్లా రాయాలో నేర్పి బస్సెక్కాడు. ఆయన పోయాక ఆమె నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పూజ నువ్వు చేసినవ్ కాకా. ప్రసాదం నాకు పెట్టినవ్. నిన్న ఆయన నన్ను మా నాయిన పేరు తీసి తిడుతుంటే నువ్వీడ్నే కూసోని అట్టలు కుడుతున్నవ్ గదా?"

నిజమే. అట్టలే కుడుతున్నాను. దీపావళి దాటేదాకా ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఒప్పుకున్నందుకు నన్ను మెచ్చుకోవాలనుకునేవాళ్ళుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. నేను ఒక రోజు ఆలస్యంగా ఒప్పుకున్నాను. ఆ ఒక్క రోజు ఆమె మోసింది.

ఆ ఏడంతా నేను కీబోర్డు ముట్టలేదు. అట్టలు కుడుతూ, మోకాలి మీద వేళ్ళతో క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ కొట్టుకునేవాణ్ణి, మరిచిపోతానేమోనని. ఆమె చూసేది. మెల్లగా కాకా అనడం మళ్ళీ మొదలైంది.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి సెలవు కాగితం మీద సెక్రటరీ మాట్లాడకుండా సంతకం పెట్టి, పని మీద కర్నూలు పోయాడు. పండుగ ముందురోజు పొద్దున, సంచి భుజానేసుకుని బస్సుకు పోతూ ఆమె నా దగ్గర ఆగింది.

"కాకా, పొయ్యేముందు పూజ చేసి పో."

"బొట్టు పెడత తియ్యి."

"బొట్టు గాదు. నిరుడు ఎట్ల చేసినవో అట్లనే. పదకొండు తీసి పూజల పెట్టు."

"ఏం బిడ్డా, మల్ల ఒక్కపాలి కవరు చూడాలని ఉన్నదా? ఆయన ముట్టొద్దన్నడు."

"ఆయన ఏడున్నడు? పాత అర తీసెయ్యకు, ఖాళీగుంటె ఉండనీ, అమ్మవారికి నేను చెప్పుకుంట. పండుగ ఎల్లినంక పొద్దుగాల వచ్చి ఒక్కసారి చూడు అని కొట్టు. పలికిందా లేదా నాకు ఫోన్ చెయ్యి."

బస్సు టైమైందని వెళ్ళిపోయింది. సాయంత్రం కూర్చున్నాను. ఏడాది తరవాత ఆ కుర్చీ. పదకొండింటినీ ఒక్కొక్కటే పూజలో పెట్టాను. ఊదుబత్తి వెలిగించాను. పండుగ వెళ్ళిన పొద్దున, సూర్యుడు కోట గోడ ఎక్కకముందే వచ్చి తాళం తీశాను. వాటిని వెనక్కి పెట్టలేదు. పూజలో ఉన్నవి ఉన్నట్టే ఉంచి, చూడు అని కొట్టాను.

తెర మీద హంస వచ్చింది.

బజారులో ఫోను డబ్బా దగ్గరికి నడిచిపోయి తెలకపల్లిలో వాళ్ళ ఇంటి పక్కవాళ్ళకు చేసి ఆమెను పిలిపించాను.

"పలికింది బిడ్డా," అన్నాను.

"పలకక ఏం చేస్తది కాకా," అన్నది. అవతల ఎవరో పల్లికాయ కొట్టే చప్పుడు వినిపిస్తోంది. "నీ పూజను చీటీల రాసిపెట్టే వచ్చిన."